చీలమండ మీద చెయ్యి

సంధ్యారాణి గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి దగ్గర ల్యాంపు రూంలో పనిచేస్తుంది. దిగేవాళ్లకు టోపీలైట్లు ఇవ్వడం, షిఫ్టు ముగిశాక తిరిగి తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆమె పని. భర్త సంపత్ బాయిలో పైకప్పు కూలి చనిపోతే, ఆయన బదులు వచ్చిన ఉద్యోగం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె కిందికి దిగలేదు. ఈమధ్య ఆడవాళ్లకూ లోపలి పనులు ఇస్తామని, ఇష్టమున్నవాళ్లు పేర్లు చెప్పమని కంపెనీవాళ్లు అడిగితే తల అడ్డంగా ఊపింది.

మొన్న ఎండాకాలం కమ్యూనిటీ హాలులో బొమ్మల ప్రదర్శన పెట్టారు. వేసింది ఫరీద్, ఆ కాలనీలోనే పెరిగిన యువకుడు. కూతురు హర్షిణి పట్టుబడితే సంధ్యారాణి చూడటానికి వెళ్లింది.

గోడంత బొమ్మ ముందు జనం మూగి ఉన్నారు. పైన వెలుగులో ఒక ఇల్లు, అన్నం తింటున్న కుటుంబం. నేల కింద నల్లటి మనుషులు ఆ ఇంటిని అరచేతులతో మోస్తున్నారు. వాళ్ల నెత్తి మీది దీపాల నుంచి తీగలు పైకి పోతే, ఇంట్లో బల్బు వెలుగుతోంది.

"ఆ ఇల్లంటే పట్నం. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా బతికే పట్నం" అని ఒక లెక్చరర్ వివరిస్తున్నాడు.

యూనియన్ నాయకుడు రాయమల్లు ఒప్పుకోలేదు. "పట్నం కాదు సార్, మన ఇండ్లే. తండ్రి పోతె కొడుకు, మొగడు పోతె పెండ్లాం. మనం తినే బువ్వ గా చేతుల మీదనే ఉన్నది."

సంధ్యారాణి చూపు వడ్డిస్తున్న ఆడమనిషి కాళ్ల దగ్గర ఆగిపోయింది. నేలను చీల్చుకొచ్చిన ఒక చెయ్యి ఆమె చీలమండను పట్టుకుంది. కింద ఉన్నవాళ్లలో ఆ చెయ్యి చాచిన మనిషి నెత్తి మీదే దీపం లేదు. వడ్డిస్తున్న ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు నవ్వుతోంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి క్వార్టర్ అదిరినప్పుడల్లా సంధ్యారాణికీ సరిగ్గా చీలమండ దగ్గరే ఏదో చల్లగా తగులుతుంది. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

ఫరీద్‌ను దగ్గరికి పిలిచి అడిగింది. "తమ్మీ, గాయన ఆమెను పడకుండ పట్టుకున్నడా, కిందికి గుంజుతున్నడా?"

"నాకే తెల్వదక్కా. మా అమ్మీ పట్టుకున్నడన్నది. మా అబ్బా బాయిల చేసిండు, ఆయన గుంజుతున్నడన్నడు. మల్ల బొమ్మ దిక్కు సూడలే."

"కాలు పట్టుకొని బతిమిలాడుతున్నడేమో అమ్మా, ఒక్కసారి కిందికి సూడుమని" అంది హర్షిణి.

సంధ్యారాణి వంగి ఆ చేతిని ముట్టుకుంది. వేలికి నలుపు అంటింది.

"రంగు ఎండి ఎన్ని నెలలాయె అక్కా!" ఫరీద్ ముఖం పాలిపోయింది.

మర్నాడే ఆమె వెళ్లి లోపలి పనికి తన పేరు చెప్పింది. పరీక్షలూ ట్రైనింగూ అయ్యాక, వానలు మొదలైన రోజుల్లో తొలిసారి బాయిలోకి దిగింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, నా ఎన్కనే నడువు" అన్నాడు పాత కార్మికుడు బిక్షం.

భయపడతాననుకుంది. భయం వేయలేదు. చీకట్లో ఎవరో పక్కకు జరిగి దారి ఇచ్చినట్టు అనిపించింది.

సాయంత్రం తినేటప్పుడు హర్షిణి అడిగింది. "కింద ఎట్లున్నదమ్మా?"

"ఉడుకపోస్తది. మస్తు మందిమి ఉన్నం."

"ఇయ్యాల నలుగురమే దిగుతమంటివి గదా?"

సంధ్యారాణి కూతురి కంచంలో కూర వేసింది. "తిను బిడ్డా, సల్లగైతది" అంది.