అందరూ “స్తోత్రం” అన్నారు

నంద్యాలలో పాత పికప్ బండి కొని, ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు పెట్టుకుని మా ఆయన మెకానిక్ పని నేర్చుకుంటున్న రోజులవి. ఎక్కువ బరువు మోయాలని వెనక కమాను పట్టీలు అదనంగా వేశాడు. బడిలో పాఠాలు చెప్పి అలసి ఇంటికొస్తే, ఆ గ్రీజు బట్టలు ఉతకడం నా వంతు.

పని ముగిసిందని, బండికి ప్రార్థన చేయమని ఆదివారం పాస్టరు గారిని పిలిచాం. బండి కాస్త ఏటవాలులో ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా మామ దాని వెనక, దిగువన కుర్చీలో కూర్చున్నాడు. అందరూ బండి వైపు చేతులు చాచి కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన ఎంతకీ అవలేదు. నిలబడే ఓపిక లేక నేను బానెట్‌కు ఆనుకున్నాను. అంతే, బండి వెనక్కి, మామ మీదికి జారసాగింది!

“ప్రభువా!” అని కేక పెట్టాను. నాకు భక్తి పొంగిందనుకుని అందరూ “స్తోత్రం!” అన్నారు. మామ ఇంకా గట్టిగా అన్నాడు.

వెనక చక్రం అక్కడున్న ఇసుక కుప్పకు తగిలి, బండి ఆయనకు జానెడు దూరంలో ఆగింది.

“హ్యాండ్‌బ్రేక్ వైరు తగిలించేది మర్చిపోయినా నాయనా,” అన్నాడు మా ఆయన.

మామ కళ్ళు తెరిచి బండిని చూశాడు. “పోయేది బాగనే పోతాంది గదప్పా. ఇంగ నిలబడేది నేర్పు దానికి.”

ఇప్పటికీ ప్రార్థన అనగానే అందరూ కళ్ళు మూసుకుంటారు. చక్రం కింద రాయి పెట్టాకే కళ్ళు మూసుకునేది నేనొక్కదాన్నే.