కట్టేయకండి, మామయ్యగారూ!

మా పటమట ఇంట్లో కంప్యూటర్ ఒకటే, వాడేవాళ్ళం ఇద్దరం. నేను చీరల అంచులకు డిజైన్లు వేస్తాను. మామయ్యగారు పేకాట ఆడుకుంటారు. ఆడుతూ ఆడుతూ నా అంచు ఎక్కడ చెరిపేస్తారోనని ఇద్దరికీ వేరువేరు లాగిన్లు పెట్టాను. ఆయన కూర్చుంటే నా తెర పక్కకు తప్పుకుంటుంది. నేను మళ్ళీ వెళ్తే వదిలిన చోటే ఉంటుంది. ఆ ధీమాతో సేవ్ చేయడం కూడా మానేశాను. నా బద్ధకానికి నన్నే అనాలి!

ఆ రోజు సాయంత్రానికి ఒక నేత మాస్టరుగారికి అంచు పంపాలి. నాకొచ్చిన మొట్టమొదటి ఆర్డరు. మూడు రోజుల పని దాదాపు అయిపోయింది. జరీ రంగులు చూద్దామని గవర్నర్‌పేట వెళ్ళి, తిరిగి సిటీ బస్సెక్కానో లేదో ఫోను మోగింది.

"అమ్మాయ్, కంప్యూటర్ కట్టేద్దామంటే ఇంకెవరో వాడుతున్నారంటోందే! ఇంట్లో నేనొక్కణ్ణేగా?"

"అది నేనేనండీ!"

"నువ్వు బస్సులో ఉన్నావుగా?"

సేవ్ చేయని అంచు గుర్తొచ్చింది. "కట్టేయకండి మామయ్యగారూ!" అని బస్సంతా తిరిగి చూసేలా అరిచాను. సరిగ్గా అప్పుడే డ్రైవరు హారన్ కొట్టాడు. మధ్యలో 'క' కాస్తా అందులో కలిసిపోయింది.

"సరే, కట్టేశా," అన్నారాయన తాపీగా.

ఇంటికొచ్చి చూస్తే, మొదటి రోజు సేవ్ చేసిన నాలుగు గీతలు తప్ప ఏమీ మిగల్లేదు. కోపం ఆయన మీదో నా మీదో తెలియలేదు కానీ ఏడుపు మాత్రం వచ్చేసింది. సంగతి తెలిసి మామయ్యగారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. వయసులో ఉండగా మగ్గం నేసిన మనిషి. అయినా నా డిజైన్ల గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఇదీ ఒక పనేనా అనుకుంటున్నారని నాకు లోలోపల కినుకగానే ఉండేది.

"వెయ్యి. ముందు మామిడి పిందె. పిందెకీ పిందెకీ మధ్య ఎనిమిది పోగులు."

"మీకెలా తెలుసండీ?"

"రోజూ నీ వెనకే నుంచుని చూస్తున్నాగా!"

ఆయన చెబుతుంటే నేను వేస్తూ పోయాను. అంతా నా అంచే, పోగు కూడా తేడా లేదు. చివరి వరసకొచ్చాక ఆగాను.

"ఇక్కడ పది అంటున్నారేంటండీ? నేను ఎనిమిదే వేశాను."

"అదే తప్పమ్మా. నిన్నట్నించీ చెబుదామనే చూస్తున్నా. ఏమనుకుంటావోనని ఊరుకున్నా."