క్షవరం సగంలో ఆగిన కొండ

మా ఆయన ఇసావో పోయి నవంబరుకి రెండేళ్ళు. ఇవామి తీరంలో మా చిన్న రేవు ఊళ్ళో ముప్పై నాలుగేళ్ళు మా ఇంటిపేరుతోనే కదొవాకి క్షౌరశాల నడిపారు. మాట తక్కువ మనిషి. పని అయ్యాక చేతి అద్దం మెడ వెనక పట్టి, "ఇలా చాలా?" అని అడిగేవారు. రోజు మొత్తం మీద ఆయన నోట వినిపించే పొడుగాటి వాక్యం దాదాపు అదే. ఆయన నవ్వగా నేను చూడలేదని కాదు. ఎప్పుడెప్పుడు చూశానో చెప్పగలను, అంతే.

అలాంటి మనిషి ఒక చిట్టి కొండ గురించి బొమ్మల కథ గీశారు.

కొండ కుక్కపిల్ల అంత ఉంటుంది. నెత్తిన గడ్డి పెరిగినప్పుడల్లా ఊళ్ళోకి నడిచి వచ్చి క్షవరం చేయించుకుంటుంది. నెత్తి మీద పిచ్చుక గూడు ఉంటే దాన్ని వదిలేసి చుట్టూ కత్తిరించాలి. వెళ్ళేటప్పుడు కూలీ కింద రెండు పుట్టగొడుగులు పెడుతుంది. కథలో ఇంతకు మించి పెద్దగా ఏమీ జరగదు.

క్షౌరశాలలకు సోమవారం సెలవు. ఆ రోజు కిటికీ తెర దించి, గిరాకీలు కూర్చునే కుర్చీలో తనే కూర్చుని, దాని చేతుల మీద బల్లచెక్క అడ్డంగా పెట్టుకుని గీసేవారు. నేను లోపలికి వెళ్తే చెక్క మీద పత్రిక కప్పేవారు. పదకొండేళ్ళు ఆయన అక్కడ లెక్కలు రాసుకుంటున్నారనే అనుకున్నాను.

టోక్యోలో ఒక నెలపత్రిక ఆ కథ తీసుకుంది. ఎడిటరు నగుమో గారికి ఇరవై ఆరేళ్ళు. గీసింది ఎవరో కాలేజీ పిల్ల అయి ఉంటుందనీ, ఇసావో అన్నది కలం పేరనీ అనుకుందట. పూల బొమ్మలున్న కేకు డబ్బా పట్టుకుని రైలు దిగి వచ్చింది. తలుపు తీసింది యాభై నాలుగేళ్ళ మనిషి, మీసాలతో.

"కదొవాకి గారమ్మాయి ఉందాండీ?"

"మాకు పిల్లలు లేరు."

"మరి కొండ..."

"నేనే."

ఆ పిల్ల కాసేపు డబ్బా వంక, కాసేపు మీసాల వంక చూసింది. ఆయన ఆమె నుదుటి వంక చూశారు.

"ముందు జుట్టు వంకరగా ఉంది. కూర్చోండి" అన్నారు.

అలా ఒప్పందం కుదిరింది. పత్రికలో చివరి పేజీల్లో ఏడాదిన్నర వచ్చాక, అంతా కలిపి మొదటి సంపుటం వేశారు. పుస్తకం వెన్ను మీద 1 అని అంకె కూడా వేశారు.

"ఒకటి వేశాం గానీ రెండు ఉంటుందని మాటివ్వలేనండీ" అంది నగుమో గారు ఫోనులో. "మొదటి నెల పుస్తకాల షాపుల్లో ఎలా పోతుందో చూసి, మీటింగులో తేలుస్తారు. అప్పటిదాకా పత్రికలో విరామం, పోకపోతే అక్కడా పూర్తిగా ఆపేస్తారు."

ఈయన ఫోను పెట్టేసి కత్తెరలు తుడుస్తూ కూర్చున్నారు. ఆ సంపుటం చివరి బొమ్మలో బయట మంచు మొదలవుతుంది. కుర్చీలో కొండకు నిద్ర పడుతుంది. కుడివైపు కత్తిరించడం అయింది. ఎడమవైపు గడ్డి అలాగే ఉంది.

"సగం క్షవరంతో నేనెవరినీ కుర్చీలోంచి లేపలేదు" అన్నారు, నాతో కాదు, కత్తెరతో.

ఆయన ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అంతవరకే. అడిగినట్టే కదా అది.

ఇక మేం చేసిన పని చెబుతాను. ఇంట్లో మంచి జరిగితే ఇరుగుపొరుగుకి ఏదో ఒకటి పంచాలి. బిడ్డ పుట్టినా, ఇల్లు కట్టినా అంతే. మాకు పుట్టింది పుస్తకం. ప్రచురణ సంస్థ దగ్గర నుంచి నేరుగా నూట నలభై ప్రతులు తెప్పించుకుని, నేనే ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, ఇద్దరం ఇంటింటికీ తిరిగాం.

"అయ్యో, ఎందుకమ్మాయ్ ఇంత శ్రమ!" అంది చేపలమ్మే తాజు బామ్మ గారు. "షాపులో కొనుక్కునేవాళ్ళం కదా."

"మీరు కొనడమేమిటండీ, మాకు తలవంపులు" అన్నాను నేను.

ఈ మాట నూట నలభై గుమ్మాల్లో అన్నాను.

వారం తిరిగేసరికి ఎదురు బహుమతులు మొదలయ్యాయి. మా ఊళ్ళో ఎవరికైనా ఏదైనా ముడితే, దాని సగం విలువదైనా తిరిగి ఇచ్చేదాకా అన్నం సహించదు. కమలాపళ్ళు, సబ్బులు, తువ్వాళ్ళు, ఎండు చేపలు, టీ ఆకు. మెట్ల మీద పెడితే మేడ పైకి దారి లేకుండా పోయింది. మాకు తువ్వాళ్ళ అవసరం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, పుస్తకం బాగా ఆడిందనే అనుకున్నాం.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పుస్తకాల షాపు ఎజుమి గారిది. ఆయన పొంగిపోయి ముప్పై ప్రతులు తెప్పించి, "మన ఊరి క్షురకుడు గీసినది" అని అట్టముక్క మీద రాసి వాకిట్లో పేర్చారు. ఒక్కటి పోయింది. అది కొన్నది నేను. మిగిలినవి నెలాఖరుకి వెనక్కి పంపేశారు.

నగుమో గారు మళ్ళీ ఫోను చేసింది. ఈసారి నేనెత్తాను.

"మిగతా ఊళ్ళలో పరవాలేదండీ, అటూ ఇటూగా ఉంది. కానీ మీ ఊరి లెక్క చూసి మావాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఒక్కటేనా! సొంత ఊళ్ళోనే ఎవరికీ అక్కర్లేదా అని అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

"అందరి దగ్గరా ఉందండీ. మేమే ఇచ్చాం."

"ఎన్ని?"

చెప్పాను.

"అవి షాపు అమ్మకాల్లోకి రావండీ" అంది.

ఈ సంగతి చేపలు కొనేటప్పుడు తాజు బామ్మ గారి దగ్గర నోరు జారాను. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రం మా గుమ్మం ముందు వరస. అందరి చేతుల్లోనూ కాగితంలో చుట్టిన పుస్తకాలు.

"ఇది తీసేసుకోండి ఇసావో గారూ" అంది తాజు బామ్మ గారు. "మీరు ఇవ్వనట్టు, నేను తీసుకోనట్టు. రేపు షాపుకెళ్ళి కొంటాను."

"ఇచ్చింది వెనక్కి తీసుకోను" అన్నారు ఈయన.

"తీసుకోకపోతే మీ కొండ చస్తుందటగా!"

"మరి మీ కమలాపళ్ళు?" అన్నాను నేను మధ్యలో. "మీ పుస్తకం మేం తీసుకుంటే, పళ్ళు మీకు తిరిగివ్వాలి. తినేశాం."

"తింటే తిన్నారు! ఇప్పుడు పళ్ళ గొడవెందుకే తల్లీ?"

"అలా అంటారేమిటి, పళ్ళ విషయం కూడా తేలాలి" అన్నాడు వెనక నుంచి తపాలాఫీసు మిషిమా. వాళ్ళు ఇచ్చింది ఖరీదైన టీ ఆకు.

పుస్తకాలన్నీ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయారు. మర్నాడు ఎజుమి గారి షాపులో తొంభై మంది పేర్లు రాయించారు. ఆయన దగ్గర ఒక్క ప్రతి కూడా లేదు. టోక్యోకి రాసి తెప్పించేసరికి మూడు వారాలు పట్టింది. మీటింగు అంతకు పన్నెండు రోజుల ముందే అయిపోయింది.

రెండో సంపుటం లేదు. పత్రికలో కూడా ఆపేస్తారు. నగుమో గారు ఎవరితోనో పోట్లాడి, కథ ముగించడానికి ఒక సంచికలో ఎనిమిది పేజీలు సంపాదించింది.

"ఎనిమిదిలో ముగించగలరా? కొండ ఇల్లు చేరాలి, పిచ్చుక పిల్లలు ఎగరాలి, వసంతం రావాలి. చదివేవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ఎడమవైపు మిగిలింది" అన్నారు ఈయన.

ఏడు సోమవారాలు గీశారు. ఎనిమిది పేజీలలోనూ ఉన్నది ఎడమవైపు క్షవరమే. మాటలు లేవు. ఒక్కో పరకా రాలుతుంది. పిచ్చుక గూడు దగ్గరకొచ్చేసరికి కత్తెర ఆగి, చుట్టూ తిరిగి వెళ్తుంది. చివర్లో కొండ కుర్చీ దిగి, వంగి దండం పెట్టి, తలుపు తీసుకుని వెళ్తుంది. ఎక్కడికో బొమ్మలో లేదు. వసంతం రాలేదు.

ఈసారి మేం ఎవరికీ ఏమీ పంచలేదు. పంచితే ఊరుకోనని తాజు బామ్మ గారు ముందే వచ్చి బెదిరించింది. ఆ సంచిక ఎజుమి గారి షాపులో వచ్చిన పూటే అయిపోయింది. నగుమో గారు ఫోనులో ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. "ఇప్పుడా!" అని మాత్రం అంది.

తర్వాతి నెలంతా గిరాకీలు తలతో పాటు ఆ పుస్తకం, ఆ పత్రిక పట్టుకొచ్చారు. ఈయన క్షవరం ముగించి, అదే కత్తెరతో పత్రికలోంచి ఎనిమిది పేజీలు కత్తిరించి, పుస్తకం చివర అతికించేవారు. పత్రిక పేజీ పెద్దది, పుస్తకం చిన్నది. అంచులు లోపలికి మడవాలి. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, కాబట్టి మళ్ళీ కమలాపళ్ళు వచ్చాయి.

మా ప్రతికి అందరికన్నా చివర అతికించారు. అప్పుడు గాని నేను ఆ పేజీలు తీరిగ్గా చూడలేదు. ఏడాదిన్నర కథలో షాపులో ఆయనొక్కరే ఉంటారు. పెళ్ళాం లేదు. ఈ ఎనిమిదో పేజీలో మాత్రం, తెరిచి ఉన్న తలుపు పక్కన, ఒకావిడ గడ్డి ఊడుస్తోంది. మొహం కనిపించదు. చీపురు ఎడమచేత్తో పట్టుకుంది. నాది ఎడమచేతి వాటం.

"ఈవిడెవరండీ?" అన్నాను.

ఆయన జిగురు సీసాకి మూత పెడుతున్నారు.

"అంత గడ్డి రాలాక, ఎవరో ఒకరు ఊడవాలి కదా" అన్నారు.