కండువా కింద కునుకు

ముందు పోయినవాటి పట్టీ చదివేస్తాను: కొత్త కండువా ఒకటి, రెండు వీధుల్లో నాకున్న పరువు మొత్తం, ఖాయమవబోయిన పెళ్ళి సంబంధం ఒకటి. ఇవన్నీ ఒక్క కునుకు వల్ల పోయాయి.

తొంభైల్లో మద్రాసు జార్జి టౌన్‌లో ఒక చింతపండు మండీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మా వ్యాపారంలో ధర నోటితో చెప్పరు. పక్కవాళ్ళకు తెలియకుండా కండువా కింద చేతులు కలిపి వేళ్ళతో చెబుతారు, ఎన్ని వేళ్ళిస్తే అంత ధర. వేళ్ళు బిగించి పట్టుకుంటే బేరం ఖాయం. ఇక దేవుడు దిగివచ్చినా వెనక్కి పోదు.

ఆ రోజు షావుకారు సెట్టిగారు భోజనానికి పురసవాక్కం బయల్దేరుతూ, "నేనొచ్చేదాకా గింజ గూడా కొనబాక. కొన్నావంటే రేపట్నించి రాబాక," అన్నారు. ఆయన ఇంట్లో పడుకుంటే విశ్రాంతి, నేను దుకాణంలో పడుకుంటే నేరం. కానీ పెరుగన్నానికి ఈ తేడా ఎవరు చెప్పాలి? ఈగల బాధకి చేతుల మీద కండువా కప్పుకుని దిండుకి ఆనుకున్నాను.

మాధవరం బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టు కల. బస్సు ఒక్క కుదుపు కుదిపింది. అందిన కడ్డీని ప్రాణభయంతో పట్టుకున్నాను.

"సరి తమ్ముడూ, బేరం తెగింది. ఇంక ఇడువు," అంది కడ్డీ.

కళ్ళు తెరిస్తే దళారి మునిరత్నం. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను. కండువా చిరిగింది.

సెట్టిగారు వచ్చేసరికి గుమ్మం ముందు చింతపండు మూటల బండ్లు.

"నిద్రపోయేవాడితో బేరమేందప్పా?"

"నిద్రని నాకేం తెలుసు సెట్టిగారూ? కండ్లు మూసుకోని యోచన చేస్తా ఉండాడనుకున్నా. నాలుగు వేళ్ళిస్తే గురక. మూడిస్తే గురక. ఇంత మొండి బేరగాడిని ఈడా ఆడా నేను యాడా చూడలా. రెండిచ్చినాకనే పట్టినాడు. చూడండి, ఎట్ట వాచినాయో వేళ్ళు."

నన్ను పొమ్మనడానికి తెరిచిన నోరు అలాగే ఉంచి, "రెండా?" అన్నారు సెట్టిగారు. ఆయన జన్మలో మూడుకి తక్కువ కొనలేదు.

"రేయ్, రేపు గూడా పడుకో."

"నిద్ర రాకపోతే, సెట్టిగారూ?"

"జీతం తీసుకుంటా ఉండావు గదా. పడుకో."

మర్నాడు ఆయనే స్వయంగా దిండు సర్దారు. దుకాణాలవాళ్ళంతా చూడ్డానికొచ్చారు. వాళ్ళలో నాకు పిల్లనివ్వబోయిన పెద్దమనిషీ ఉన్నాడు. కళ్ళు మూశాను కానీ నిద్ర పట్టలేదు. దొంగ గురక పెట్టాను.

"ఇది నిన్నటి గురక కాదప్పా," అంటూ మునిరత్నం నాలుగు వేళ్ళిచ్చాడు, ఇక దిగలేదు. దుకాణాలవాళ్ళు ఘొల్లున నవ్వారు, పిల్లనివ్వబోయిన పెద్దమనిషి చెప్పులేసుకుని అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: యజమాని ఆజ్ఞ మీద ఇక ఏ జన్మలోనూ నిద్రపోను. సెట్టిగారి లెక్కలో ఆ సీజనుకి రోజుకొకటి చొప్పున తొంభై రెండు కునుకులు. జమ అయింది మొదటిది ఒక్కటే. దుకాణానికి ఈనాటికీ నా బాకీ తొంభై ఒకటి.