ఆ రోజు పగ్గాలు పట్టింది నేనే

మాకు పెళ్లయిన రెండో ఏడు, మిరపకాయల మూటలు బండికెత్తుకుని మా ఆయనా నేనూ కోవిల్‌పట్టి దగ్గరి మా ఊరినుంచి విరుదునగర్ మండీకి బయలుదేరాం. నా పుట్టిల్లు విరుదునగర్ పక్కనే. సరుకు దించాక నన్ను అక్కడ దిగబెడతానన్నాడు. బయలుదేరేటప్పుడే ఆయనకు ఒళ్లు వెచ్చగా ఉంది. పొద్దెక్కేసరికి జ్వరం ముదిరి కూర్చోలేకపోయాడు.

"రవ్వసేపు పట్టుకోవే, ఎద్దులకు దోవ తెలుసు" అని పగ్గాలు నా చేతికిచ్చి మూటల మీద వాలిపోయాడు.

పుట్టింట్లో పొలం దోవల్లో బండి తోలినదాన్నే. రాజబాట మీద తోలడం మాత్రం అదే మొదలు. ఆ దారిలో సర్వీసు బస్సులు నడవడం మొదలై అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. సాత్తూరు ఇంకా కొంత దూరం ఉందనగా వెనకనుంచి బస్సు హారన్ మోగింది. కుడిపక్క ఎద్దు బెదిరి రోడ్డు నడిమికి లాక్కుపోయింది. నేను పగ్గం బిగించేలోగా బస్సు మమ్మల్ని తప్పించుకుంటూ పక్కకు తిరిగింది. ఎదురుగా వస్తున్న కారు దాన్ని గుద్ది, గిర్రున తిరిగి మా బండి వెనక తగిలింది.

తరువాత నాకు గుర్తున్నది మిరపకాయల ఘాటు. మూటలు పగిలి రోడ్డంతా ఎర్రగా కాయలు పరుచుకున్నాయి. ఏడుస్తున్నవాళ్లు దెబ్బకు ఏడుస్తున్నారో మంటకు ఏడుస్తున్నారో తెలియలేదు. ఎద్దు కాలు విరిగి పడి ఉంది. మా ఆయన తొడమీద బండి ఇరుసు. బస్సు డ్రైవరు దగ్గుతూ వచ్చి, భుజం ఆనించి ఆ ఇరుసు పైకెత్తాడు. ఆ డ్రైవరు కుడిచెయ్యి నలిగి వేలాడుతున్నదని నేను చూసింది అప్పుడే.

ఎవరూ చావలేదు. కానీ దావాలు మొదలయ్యాయి. కారులో వచ్చిన పత్తి వ్యాపారి బస్సు యజమాని మీద వేశాడు. యజమాని తప్పంతా డ్రైవరుదేనని వాణ్ణి పనిలోంచి తీసేశాడు. పోలీసులు డ్రైవరు మీద కేసు పెట్టారు. ఊళ్లో పెద్దలు మాకూ ఒక వకీలును చూసిపెట్టారు. ఎద్దుకూ బండికీ కాలుకూ నష్టం కోరుతూ ఆ వకీలు బస్సు యజమాని మీద దావా రాశాడు.

"బండి ఎవరు తోలారు?" అని అడిగాడు వకీలు.

"నేనే" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. "ఆడకూతురు రాజబాట మీద బండి తోలిందంటే కేసు అక్కడే పోతుంది. నీ భర్త తోలాడు, రోడ్డుకు ఎడంపక్కనే తోలాడు. బస్సు వేగంగా వచ్చి గుద్దింది. అంతే."

ఇంటికొచ్చాక మా అత్త కూడా అదే మాట. "ఆయన చెప్పినట్టే చెప్పు. కాలు విరిగిండేది నీ మొగుడికి, గ్యాపకం పెట్టుకో."

కోర్టు రోజున వరండాలో డ్రైవరు కనిపించాడు. కుడిచెయ్యి మణికట్టుదాకా లేదు. పక్కన భార్య, ఒళ్లో పాలుతాగే బిడ్డ. తిట్టిపోస్తాడనుకున్నాను. ఆయన అరవంలో, "అమ్మా, మీ ఇంటాయన కాలు అతుక్కుందా?" అని అడిగాడు. 

ముందు మా ఆయన కర్రల సాయంతో బోనెక్కి, బండి తానే తోలానన్నాడు. తరువాత నన్ను పిలిచారు.

"పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?" అని అడిగాడు అవతలి వకీలు.

కోర్టులో అరవంలో మాట్లాడాలని తెలుసు. తడబాటులో ఇంట్లో మాట్లాడే తెలుగే వచ్చేసింది. "నా చేతిలోనే ఉండె. ఎద్దు బెదిరి నడిమికి పాయ. ఆ డ్రైవరు మమ్మల్ని కాపాడేదానికే బస్సు తిప్పె."

వెనకనుంచి నవ్వులు వినిపించాయి. గుమాస్తా ఒకడు దాన్ని అరవంలో తిప్పి చెప్పాక ఆ నవ్వులు ఆగిపోయాయి. మునసబు జడ్జి కళ్లజోడు తీసి, "మరి నీ భర్త తానే తోలానన్నాడే?" అన్నాడు.

"ఆయనకు జొరం. నామీదికి మాట రాకూడదని అట్ల చెప్పినాడు సామీ."

మా దావా కొట్టేశారు. ఆ బస్సుకు బ్రేకులు సరిగా లేవని వేరే సాక్షులవల్ల తేలింది. కారు నష్టం బస్సు యజమానే కట్టాలన్నారు. డ్రైవరు మీది పోలీసు కేసు నిలవలేదు.

 తిరిగి వచ్చే దారిలో మా ఆయన అన్నాడు: "ముందే నాకు చెప్పింటే నేను అట్ల చెప్పకపోతినే."

"చెప్పింటే మీరు ఒప్పుకుందురా?"

"లే, ఒప్పుకోకపోతిని" అన్నాడు.

ఆ ఏడు పక్కవాళ్ల ఎద్దును అడుక్కుని దున్నాం. ఆయనకు కుంటు మిగిలింది. అత్త నాతో మాట మానేసింది. ఏం కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేది. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. అయినా ఆయన కాలీడ్చుకుంటూ చేలోకి పోవడం చూసినప్పుడల్లా చేతిలో పని వదిలేసి వెనకే పోయేదాన్ని.

జొన్నకోతల ముందు ఒక మధ్యాహ్నం డ్రైవరు భార్యాబిడ్డలతో మా వాకిట్లోకి వచ్చాడు. సాత్తూరులో ఒక బస్సుకు టికెట్లిచ్చే పని దొరికిందని చెప్పిపోదామని వచ్చానన్నాడు. అత్త ముఖం ముడుచుకునే ఆకు వేసింది. ఆయన కుడిచెయ్యి వెనక్కి దాచుకుని, అలవాటులేని ఎడమచేత్తో అన్నం కలపబోయి మెతుకులు కింద పోసుకున్నాడు. అత్త నిలబడి చూసింది. తరువాత ఆకు ముందు కూర్చుని, తనే అన్నం పిసికి చిన్నచిన్న ముద్దలు చేసి వరసగా పెట్టింది.

"తినయ్యా, సిగ్గేమి" అని, నావైపు తిరిగింది. "చూస్తా నిల్చుండావేమే? పోయి మజ్జిగ తే."

అన్ని నెలలకు ఆమె నాతో అన్న మొదటి మాట అది.