నడిమి గోడ

ఆత్మకూరు నుంచి మమ్మల్ని బొంబాయి పనికి తీసుకెళ్లిన మేస్త్రీ గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అరవైలలో అక్కడ ఇరవై అంతస్తుల ఇళ్ల మేడ కట్టాం. చుట్టూ స్తంభాలు లేవు, బరువంతా నడిమి గోడే మోయాలి. ఆ గోడలో ప్రతి కడ్డీనీ ఆయన చేత్తో తడిమి చూసేవాడు. ఒకనాడు కడ్డీలు తక్కువున్నాయని కాంక్రీటు ఆపేశాడు.

“నీకెందుకుర ఫికర్? పొయ్యమను!” అని మా జిల్లావాడే అయిన గుత్తేదారు అరిచాడు.

“రేపు గీ ఇండ్లల్ల పిల్లలు పండుకుంటరు సారూ. ముందు నన్ను బొందవెట్టి పొయ్యుండ్రి,” అంటూ మేస్త్రీ కడ్డీల మధ్య కూర్చున్నాడు.

ఇంజనీరు వచ్చి, నక్షా చూసి, తక్కువైనవన్నీ కట్టించాడు. సాయంత్రానికి గుత్తేదారు మేస్త్రీని పనిలోంచి తీసేశాడు. ఆయన మూట భుజాన వేసుకుని మా ముందునుంచే వెళ్లాడు. నలభైమందిమి ఉన్నాం. ఎందుకు తీసేశావని ఒక్కరమూ అడగలేదు, నేనూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే తట్టలెత్తుకుని ఆ గోడకే కాంక్రీటు పోశాం.