అడగందే చెప్పని స్టోరమ్మ

బస్సు డిపోలో విడిభాగాల గది తాళాలు ఇరవై ఎనిమిదేళ్లు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ స్టోరమ్మే. చీటీ మీద ఫోర్‌మన్ సంతకం లేకపోతే నట్టు కాదు కదా, దాని కింద వేసే వాషరు కూడా ఆ గది గడప దాటేది కాదు. ఎంగిలి చేత్తో కాకిని తోలదని మెకానిక్కులు చాటుగా అనుకునేవారు.

"అడగందే అమ్మైనా పెట్టదు. అడిగినా సంతకం లేనిదే నేను పెట్టను," అని ఆవిడ వాళ్ల ఎదురుగానే అనేది.

రిటైరయ్యాక డిపో వాళ్లే బతిమాలి కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. ఆవిడ ఎగిరి గంతేసింది. ఇంట్లో చెల్లెలుంది మరి. భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చి చేరిన లెక్కల టీచరు. ప్రేమ కొండంత, పెత్తనం దానికి రెండింతలు.

ఒకరోజు డిపో నుంచి వస్తూ స్టోరమ్మ మెట్ల మధ్యలో కూలబడింది. ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, యాభై నాలుగు మెట్లు. వీధి చివర క్లినిక్‌లో పరీక్ష చేసి హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉందన్నారు. ఐరన్ మాత్రలు రాశారు. డిపో మేనేజరు మూడు నెలలు సెలవిచ్చి, ఆ తర్వాత ఒకటో తారీఖుకి రాకపోతే ఇంకొకరిని వేసుకోక తప్పదన్నాడు.

ఆ రోజు నుంచి ఆవిడ లోకమంతా రెండు గదులు, ఒక కిటికీ. చెల్లెలు గడియారం చూసి మాత్ర వేస్తుంది. పొద్దున ఆకుకూర, మధ్యాహ్నం ఆకుకూర, రాత్రికి పొద్దున మిగిలిన ఆకుకూర.

"నేనేమైనా మేకనటే?" అంది స్టోరమ్మ.

"మేకైతే ఈపాటికి పుంజుకునేది. నోర్మూసుకుని తిను."

కిటికీలోంచి డిపోకి వెళ్లే బస్సు కనిపించేది. అది మలుపు తిరిగే దాకా చూసి, వచ్చి మంచమ్మీద పడుకునేది. స్నానాల గది దాకా నడిస్తే ఆయాసం. జైలైనా నయం, విడుదలయ్యే రోజు తెలుస్తుంది అనుకుని ఏడ్చింది ఒకసారి, చెల్లెలు కూరలకి వెళ్లినప్పుడు.

చెల్లెలికి తెలియనిది ఇంకోటుంది. రెండేళ్లుగా పొద్దున లేవగానే స్టోరమ్మ వేళ్లు ముడుచుకోవు. మణికట్లు వాచి, వేడిగా ఉంటాయి. అందుకే మణికట్లు కప్పే పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంది. క్లినిక్‌లో నీరసమా అనడిగారు, అవునంది. ఆకలేస్తోందా అనడిగారు, కొంచెం అంది. చేతుల సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చెబితే ఆ మాట డిపోకి పాకుతుంది, చేతులు పని చెయ్యని మనిషికి స్టోరెందుకంటారు. చెల్లెలైతే కాఫీ గ్లాసు కూడా పట్టుకోనివ్వదు.

ఒకటో తారీఖు ఇంకో పది రోజులుందనగా మళ్లీ పరీక్ష చేయిస్తే ఏడున్నరకి దిగింది. చెల్లెలు హడలిపోయింది. వాచ్‌మన్, కింద వాటాలో ఉండే డ్రైవరు కలిసి స్టోరమ్మని కుర్చీతో సహా దించి పెద్దాసుపత్రికి పంపారు.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. నాడి చూద్దామని మణికట్టు పట్టుకోగానే స్టోరమ్మ కెవ్వుమంది. డాక్టరమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడిచి చూసింది.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?"

"రెండేళ్లు."

"మరి చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదు."

చెల్లెలు అక్క రెండో చెయ్యి అందుకుని, ఆ జాకెట్టు చెయ్యీ పైకి మడిచి చూసింది.

రక్తం మళ్లీ తీసి, సాయంత్రానికి ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. "ఇది కీళ్లవాతం. మీ ఒంట్లో ఇనుముకి లోటు లేదమ్మా, నిలవ బోలెడుంది. ఒంట్లో ఎక్కడైనా వాపు ముదిరితే, ఏదో క్రిమి వచ్చి పడిందనుకుని శరీరం ఇనుముని దాచేస్తుంది. రక్తం తయారయ్యే చోటికి వదలదు. మీరు మింగే మాత్రల్లోదీ సరిగా లోపలికి రానివ్వదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, అదన్నమాట. వయసు మీద పడ్డవాళ్లలో ఇది తరచూ చూస్తాం. వాపు తగ్గితేనే రక్తం పుంజుకుంటుంది."

నిలవ ఉండీ ఇవ్వకపోవడమంటే ఏమిటో స్టోరమ్మకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది, అదీ తన మీదే.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"మందులు మొదలుపెట్టాక మూడు నాలుగు నెలలు. రెండేళ్ల క్రితమే వచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదు."

ఆసుపత్రి వరండాలోంచే మేనేజరుకి ఫోన్ చేసింది. మొదటిసారి ఎవరూ అడగకుండానే అంతా చెప్పింది, చేతులతో సహా. ఆయన పాపం చాలా బాధపడ్డాడు. గడువులోగా రాలేరేమోనని కొత్త మనిషిని నిన్ననే ఖాయం చేసేశామన్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చాడు. స్టోరమ్మ కుర్చీ ఎక్కకుండా కిందిమెట్టు మీద కూర్చుండిపోయింది. వీధిలో జనం పనుల నుంచి ఇళ్లకి వస్తున్నారు.

"పద అక్కా, మందుల వేళవుతోంది."

"కాసేపు ఇక్కడే ఉండనివ్వవే. పైకెక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతానో ఏమో. నాకు భయంగా ఉంది."

భయమన్న మాట అక్క నోట చెల్లెలు వినడం అదే మొదలు. ఆమె మందుల సంచీ పక్కన పెట్టి, అదే మెట్టు మీద సర్దుకుని కూర్చుంది.